మాల తీసిన మర్నాడు

కార్తీకం వచ్చిందంటే పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల మా ఊళ్లలో ఎటు చూసినా అయ్యప్ప మాల వేసినవాళ్ల నల్ల పంచెలే. ఏడాదంతా సాయంత్రం ఆరు కొట్టేసరికి బెల్టు షాపు దగ్గర చేరే మనుషులు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి శరణుఘోష చెబుతుంటారు. అప్పుడు వాళ్ల ఇళ్లలో ఆడవాళ్ల ముఖాలు చూడాలి. ఆ 41 రోజులూ వాళ్లు కంటినిండా నిద్రపోతారు.

మా పెద్దనాన్నగారి అబ్బాయి, మా అన్నయ్య, వరసగా మూడేళ్లు మాల వేశాడు. మూడేళ్లూ కనుమ నాటికి మళ్లీ మొదలెట్టాడు. "41 రోజులు ఉండగలిగినోడికి 42వ రోజు ఏం రోగమండీ? కుక్కతోక వంకర, ఆయ్" అని ఊరు తేల్చేసింది. నేనూ అలాగే అనుకున్నాను. అది చాలా పెద్ద తప్పని ఇప్పుడు తెలుసు.

మాల ఆ మనిషికి ఏమిచ్చిందో చూడండి. నిన్నటిదాకా తాగుబోతు అన్న నోళ్లే "స్వామీ" అని పిలిచాయి. సరిగ్గా మందు గుర్తొచ్చే వేళకు భజన ఉంది. వేళకి భిక్ష ఉంది. పక్కన పదిమంది తోటి స్వాములున్నారు. "ఒక్కటి వేద్దాం రా" అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఇవన్నీ కలిసి అతన్ని నిలబెట్టాయి. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రోజు ఇవన్నీ ఒక్కపూటలో పోతాయి. పైగా క్యాలెండర్ చూడండి. డిసెంబరు చివర మండల పూజకు వెళ్లొచ్చినవాళ్ల ఎదురుగా 31వ తేదీ రాత్రి, ఆ వెనకే భోగి, సంక్రాంతి, కనుమ. చట్టం ఒప్పుకోకపోయినా మా దగ్గర కోడిపందేల బరులు వెలుస్తాయి, బరి పక్కన మందూ ఉంటుంది. గల్ఫ్ నుంచి, హైదరాబాద్ నుంచి పాత స్నేహితులంతా దిగేదీ అప్పుడే. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త మద్యం విధానంతో చౌక రకం క్వార్టర్ 99 రూపాయలకే దొరకడం మొదలైంది. మానేసిన మనిషిని ఏడాదిలో అన్నిటికన్నా కష్టమైన రోజుల్లోకి ఒంటరిగా తోసి, పడిపోతే బుద్ధి లేదంటున్నాం.

మానేసినవాళ్లు మళ్లీ ఎందుకు తాగుతారో అమెరికన్ సైకాలజిస్టు అలాన్ మార్లట్ ఏళ్ల తరబడి పరిశీలించారు. ఎక్కువగా కనిపించినవి మూడు: మనసు బాగోకపోవడం, ఇంట్లోవాళ్లతోనో బయటివాళ్లతోనో గొడవ, పక్కవాళ్ల బలవంతం. మూడూ ముందే పసిగట్టగలిగినవే. అన్నయ్య సంగతే తీసుకుంటే, అతనిది రొయ్యల చెరువు. రాత్రంతా షెడ్డులో కాపలా. అర్ధరాత్రి కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు ఆగిందంటే గుండె జారిపోతుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే లక్షల రూపాయల సరుకు పైకి తేలుతుంది. ఆ టెన్షన్‌కి అతనికి తెలిసిన మందు ఒక్కటే. మేత బస్తాల వెనక క్వార్టర్ సీసా ఉండేది. మాల రోజుల్లో కాపలా తమ్ముడు చూసేవాడు. మాల తీయగానే మళ్లీ అదే షెడ్డు, అవే బస్తాలు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరమూ ఆలోచించలేదు. ఆఖరికి అతనూ ఆలోచించలేదు.

మూడో ఏడు జరిగింది చెప్పాలి. కనుమ నాడు బరి దగ్గర ఎవరో చేతిలో పెట్టిన ఒక్క బీరు తాగాడు. నేరుగా ఇంటికొచ్చాడు. వదిన కంచం విసిరికొట్టింది. పెద్దనాన్న "నీ బతుకింతే" అన్నారు. నేను ఫోన్లో "ఇక నీతో మాటల్లేవు" అని పెట్టేశాను. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆపకుండా తాగాడు. ఆ తొమ్మిది రోజుల్లో మా వాటా ఉంది. మార్లట్ చెప్పిందీ ఇదే. ఒకసారి తప్పు జరగగానే మనిషి "ఎలాగూ చెడ్డాను" అనుకుంటాడు, ఆ సిగ్గే రెండో సీసా దగ్గరికి తీసుకెళుతుంది. కాలు జారడం వేరు, పాత బతుక్కి తిరిగి వెళ్లిపోవడం వేరు. ఆ రెంటి మధ్య ఉన్న ఒకటి రెండు రోజుల్లో ఇల్లు ఎలా మాట్లాడిందన్నది చాలా ముఖ్యం. అలాగని తాగొచ్చి కొట్టేవాడిని భరించమని ఏ ఆడపిల్లకీ చెప్పను. ఆమె, పిల్లలు క్షేమంగా ఉండటం ముందు.

ఇంకో రెండు మాటలు ఇక్కడే చెప్పాలి. రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి చలించి ఏవేవో కనబడటం రావచ్చు. మా ఊళ్లో దాన్ని గాలి సోకిందంటారు. ప్రాణాలు పోతాయి. అందుకే మాల వేసే ముందే డాక్టరుకు చూపించాలి. రెండోది, తాగేవారికి తెలియకుండా కూరలో కలపమని అమ్మే మాత్రలు. డైసల్ఫిరామ్ లాంటి మందు ఒంట్లో ఉండగా తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి మరణం కూడా. అది మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు ఇవ్వాల్సిన మందు. తాగాలన్న యావ తగ్గించే నాల్‌ట్రెక్సోన్ లాంటివీ ఉన్నాయి. అవి ఎవరికి సరిపోతాయో సైకియాట్రిస్టు చెప్పాలి.

మద్యం, మాదకద్రవ్యాలపై కేంద్రం 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆ ఒక్కరినీ నెల తిరక్కుండా "బాగయ్యాడు" అని పంపేశాక మళ్లీ పలకరించే దిక్కు లేదు. బీపీ మాత్రలకైతే ఏఎన్ఎం ఇంటికొచ్చి అడుగుతుంది. మందు మానేసినవాడి ఇంటికీ నెలకోసారి వెళ్లి "ఎలా ఉన్నావు బాబూ" అని అడిగే పని ప్రభుత్వం ఎందుకు అప్పగించదు? సంక్రాంతి ముందు వారం ఆ పలకరింపు మరీ అవసరం. ఈలోగా డీ-అడిక్షన్ సలహాకు 14446, మనసు కుదుటపడకపోతే టెలీ మానస్ 14416 ఉన్నాయి. ఈ నంబర్లు ప్రతి పీఠం గోడ మీదా రాయించాలని గురుస్వాములను అడుగుతున్నాను.

నాలుగో ఏడు అన్నయ్య డాక్టరు దగ్గరికి వెళ్లాకే మాల వేశాడు. మాల తీసే నాటికే అన్నీ మాట్లాడుకున్నారు. పండగ నాలుగు రోజులూ వదిన పుట్టింట్లో, బరులకు దూరంగా గడిపారు. చెరువు కాపలాకు జతగా ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాడు. రొయ్యలు పట్టి అమ్మిన డబ్బు నేరుగా వదిన ఖాతాకే. మనసు లాగినప్పుడు ఇద్దరు స్వాములకు ఫోన్ చేసేవాడు. అరగంట మాట్లాడేసరికి ఆ పొంగు దిగిపోయేదట. సంక్రాంతి దాటింది.

ఉగాది ముందు రొయ్య రేటు పడిపోయిన రోజు రాత్రి మళ్లీ తాగాడు. పదకొండింటికి ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి "తాగానే" అన్నాడు. వదిన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నం పెట్టింది. తెల్లారాక బండి తీసి ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లారు.