జనుము మీద నింద సరికాదు

"జనుము, జీలుగ పర్యావరణానికి మేలన్నది అబద్ధం. నీళ్లు తాగేస్తాయి, నేల బలం లాగేస్తాయి, కుళ్లి మిథేన్ వదులుతాయి. సేంద్రియ కూరగాయలకు పశువుల పెంట చాలు." రైతుల వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. జనుము, జీలుగ అంటే పెంచి, పచ్చిగానే నేలలో కలియదున్నే పచ్చిరొట్ట ఎరువు పైర్లు. రావులపాలెం దగ్గర లంకలో వంగ, బెండ పండించేవాణ్ని, చూసి ఊరుకోలేకపోయాను.

మిథేన్ మాట వరి చేలో నిజం. నిలవ నీళ్లలో పచ్చిరొట్ట తొక్కితే, గాలి ఆడని బురదలో అది ఎక్కువగానే పుడుతుంది. కానీ వంగ తోటలో నీళ్లు నిలగడతామా? గాలి ఆడే నేలలో మిథేన్ పుట్టే వీలు చాలా తక్కువ. వరి లెక్క తెచ్చి బెండకు కట్టారు.

నేల బలం సంగతికొస్తే, ఇవి పప్పు జాతి మొక్కలు. వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది. ఓ బుడిపె చిదిమి చూడండి, లోపల గులాబీ రంగుంటే పని జరుగుతున్నట్టే. భాస్వరం, పొటాష్ నేలలోంచి తీసుకునేవే, ఒప్పుకుంటాను. కానీ మొక్కను అక్కడే దున్నేస్తాం కదా, తీసుకున్నది మళ్లీ ఆ నేలకే చేరుతుంది.

అయినా ఆ మాట ఎక్కడ పుట్టిందో ఊహించగలను. ఒక ఏడు ట్రాక్టర్ సమయానికి దొరక్క జనుమును కాయ ముదిరేదాకా వదిలేశాను. కాడ నారెక్కింది. దున్ని వంగ నాటితే ఆకంతా పసుపు తిరిగింది. ముదురు కాడను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనిని ముందు తామే వాడేసుకున్నాయి. పంటది కాదు తప్పు, నేను దున్నిన రోజుది. 45-50 రోజులకు, పూత మొదలవగానే కలియదున్ని, రెండు వారాలు మగ్గనిచ్చి నాటాలి. దున్నాక నాటడం మరీ ఆలస్యం చేస్తే లంకల ఇసుక నేలలో నత్రజని వానతో కిందికి జారిపోతుంది.

పెంట కావాలి, కానీ పెంటొక్కటే చాలదు. కూరగాయలకు కావలసిన నత్రజనంతా దాంతోనే ఇవ్వబోతే భాస్వరం అవసరానికి మించి పేరుకుంటుంది. వానకు కొట్టుకుపోయి మురుగు కాలవల్లో గుర్రపుడెక్కను పెంచేది అదే. పైగా ఊళ్లో పశువులు ఎన్ని మిగిలాయి? దూరం నుంచి లారీల్లో తోలించుకుంటే ఆ డీజిల్ లెక్క ఎవరు రాస్తారు?

నీళ్ల విషయంలో మాత్రం వాళ్ల మాటలో కొంత నిజముంది. కాలవలు కట్టేసిన ఎండల్లో బోరు తోడి జీలుగ పెంచడం నాకూ ఇష్టం లేదు. తొలకరి పదునుకు చల్లుకుంటే వానతోనే ఎదుగుతుంది. గోదారి పొంగే పల్లపు చేలల్లో జీలుగే వేయండి, జనుము మునకకు ఆగదు.