సవరణ: బండికి స్టార్ బిట్ గురించి

"ఎస్2 స్టీలు ఉన్న పీహెచ్2 బిట్ ఏదైనా బండికి సరిపోతుంది" అని ముందు పోస్టులో ఉంది (ఎస్2 అంటే టూల్స్‌కు వాడే గట్టి స్టీలు, పీహెచ్2 అంటే నంబర్ 2 సైజు ఫిలిప్స్, అంటే మామూలు స్టార్ మొన ఉన్న స్క్రూడ్రైవర్ బిట్). అది సరికాదు. స్టీలు కన్నా ముందు చూడాల్సింది మొన ఆకారం.

ఆర్‌ఎక్స్ 100, పాత హీరో హోండా లాంటి జపాన్ డిజైన్ బండ్లలో స్టార్ స్క్రూలు ఎక్కువగా జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) కొలతవి. చాలావాటి తల మీద చిన్న చుక్క ఉంటుంది. ఫిలిప్స్ బిట్ రెక్కల మూలలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఆ గాడిలో అడుగుదాకా దిగదు. బలం పెట్టగానే పైకి జారి గాడిని తినేస్తుంది. జేఐఎస్ బిట్ అయితే ఫిలిప్స్ స్క్రూలో కూడా బాగానే పడుతుంది, కొంటే అదే కొనండి.

వరంగల్, హన్మకొండ షాపుల్లో ఊరికే "స్టార్" అంటే ఫిలిప్సే ఇస్తారు. పాత స్క్రూ ఒకటి జేబులో వేసుకెళ్లి అక్కడే పెట్టి చూడండి. బిట్ నిటారుగా నిలబడాలి, అటూ ఇటూ ఊగకూడదు. కార్బురేటర్ గిన్నె స్క్రూలకు మామూలుగా నంబర్ 2 సైజు బిట్, ఇంజన్ కవర్ల పెద్ద స్క్రూలకు నంబర్ 3.

బిగుసుకున్న కవర్ స్క్రూకు తుప్పు వదిలే నూనె పోసి రాత్రంతా వదలండి. తర్వాత సుత్తెతో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్‌ను విప్పే వైపు తిప్పి పెట్టి, నిటారుగా ఒక్క గట్టి దెబ్బ వేయండి. కార్బురేటర్ మీద మాత్రం సుత్తె వద్దే వద్దు, బాడీ పగులుతుంది.

బోల్టులకు 12 మూలల సాకెట్ కాదు, 6 మూలలదే తీసుకోండి.