సవరణ: ఆర్వో వదిలేసే నీళ్ల గురించి

మన క్యాంపస్ పర్యావరణ గైడ్‌లో మొన్న చేర్చిన "హాస్టల్ ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లు మొక్కలకు పోయండి" అన్న వాక్యాన్ని మార్చాం. ఇకపై "నేల తుడవడానికి, టాయిలెట్లకు వాడండి" అని చదువుకోండి.

అనంతపురంలో అసలే చాలాచోట్ల బోరు నీళ్లలో లవణాలు, ఫ్లోరైడ్ ఎక్కువ. ఆర్వో వాటిని మాయం చేయదు, బయటికి పోయే నీళ్లలోకి నెడుతుంది. అవే రోజూ పోస్తే కుండీలో మట్టి మీద తెల్లగా పొర కడుతుంది, ఆకుల అంచులు మాడతాయి. కానుగ, వేప కొంతవరకు ఓర్చుకుంటాయేమో గానీ గులాబీల పని అంతే.

అలాగని పైపు కింద బకెట్ తీసేయకండి. చిన్న మెషిన్లు లీటరు మంచినీళ్లకు 2, 3 లీటర్లు వదిలేస్తాయి మరి. మీ బ్లాకులో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) రీడింగ్ తీసి ఉంటే, తేదీ వేసి గైడ్‌లోని ఆ పేజీలోనే చేర్చండి.