ఆర్కేడ్ క్యాబినెట్‌లో కరెంటు పని ఆఖర్న చేసేది కాదు

ఇంట్లో ఆర్కేడ్ క్యాబినెట్ (నాణెం వేసి నిలబడి ఆడే వీడియో గేమ్ డబ్బా) కట్టుకునేవాళ్ల వీడియోలు చూస్తుంటే ఈమధ్య నాకు ఒళ్లు మండుతోంది. ప్లైవుడ్ కోత, అంచులకు పట్టీ, పక్కల మీద స్టిక్కర్లు, ఏ జాయ్‌స్టిక్ బాగుంటుంది, ఏ బటన్ ఎలా నొక్కుకుంటుంది, అన్నీ తీరిగ్గా చూపిస్తారు. స్క్రీన్‌కు కరెంటు ఇచ్చే దగ్గరకు వచ్చేసరికి వీడియో పరుగెత్తుతుంది. మళ్లీ మామూలు వేగానికి వచ్చేసరికి అడుగున ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్, దాన్నిండా అడాప్టర్లు, వెనక చెక్కకు పెట్టిన చిల్లులోంచి వేలాడుతున్న వైరు. అంతే! నేర్చుకునేవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యంగా చూపించాల్సిన పనే అది.

నేననేది ఒకటే. ఏ స్క్రీన్ పెట్టాలో తేల్చుకున్న రోజే దానికి కరెంటు ఎటు నుంచి వస్తుంది, సిగ్నల్ ఎలా వస్తుంది, ఎర్త్ ఎక్కడెక్కడ కలవాలి అన్నది కాగితం మీద గీసుకోవాలి. చెక్క పని ఆ తర్వాత.

పాత పిక్చర్ ట్యూబు మానిటర్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇంట్లో వాడే టీవీకి చుట్టూ ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. ఆర్కేడ్ మానిటర్‌కు అదేమీ ఉండదు. ఇనప ఫ్రేము, ట్యూబు, బోర్డు అన్నీ బయటికే. పైగా ఎలక్ట్రోహోమ్ జీ07, వెల్స్-గార్డనర్ కే7000 లాంటి వాటిలో వచ్చిన ఏసీ నేరుగా బోర్డు మీది డయోడ్లలోకి వెళ్లి డీసీ అవుతుంది. మెయిన్స్ (గోడ సాకెట్‌లోంచి వచ్చే కరెంటు) నుంచి దాన్ని విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ క్యాబినెట్ అడుగున వేరుగా ఉంటుందన్న లెక్కతోనే ఆ మానిటర్లు తయారుచేశారు. అది లేకుండా ప్లగ్‌లో పెడితే బోర్డు గ్రౌండు మెయిన్స్‌తో ముడిపడిపోతుంది. ఇక దానికి కంప్యూటర్ వీడియో కేబుల్ తగిలించారనుకోండి. కంప్యూటర్ గ్రౌండు ఎర్త్‌కు కలిసి ఉంటుంది కాబట్టి అక్కడికక్కడే షార్ట్. ఫ్యూజుతో పోతే అదృష్టం.

“ట్రాన్స్‌ఫార్మర్ లేకుండానే నాకు బ్రహ్మాండంగా నడుస్తోంది” అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఎందుకు నడుస్తోందో చూడండి. చాలాసార్లు ఎక్కడా ఎర్త్ కలపలేదు కాబట్టి నడుస్తోంది. అంటే గేమ్ బోర్డు గ్రౌండుకు తగిలి ఉన్న ప్రతి లోహపు భాగమూ, నాణేలు వేసే కాయిన్ డోరుతో సహా, షాక్ కొట్టడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఆడేది ఎవరు? పిల్లలు. ఇలాంటి సలహా కొత్తవాళ్లకు ధైర్యంగా ఇచ్చేయడం నాకు అస్సలు నచ్చదు.

ఇంకో తికమక ఉంది. అమెరికా మానిటర్లు 120 వోల్టులవి, జపాన్‌వి 100 వోల్టులవి. 230 వోల్టులుండే చోట వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉంటారు. బజారులో దొరికే స్టెప్‌డౌన్లలో చాలావరకు ఆటోట్రాన్స్‌ఫార్మర్లే. ఒకే చుట్ట మధ్యలోంచి వైరు తీసి వోల్టేజీ తగ్గిస్తారు, మెయిన్స్ నుంచి మాత్రం విడదీయరు. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ప్లగ్ గోడ నుంచి పీకేసి, స్టెప్‌డౌన్ స్విచ్చి ఆన్‌లో ఉంచి, మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టండి. ఒక మొన ప్లగ్ పిన్నుకు, రెండోది ఔట్‌పుట్ సాకెట్‌లోకి. ఫేజు, న్యూట్రల్ రెండూ మార్చి మార్చి చూడండి. ఒక్కచోట బీప్ వచ్చినా అది ఐసొలేషన్ కాదు. ఎర్త్ పిన్ను సంగతి వేరు, అది రెండువైపులా కలిసే ఉండాలి.

ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉంది కదా అనే ధీమా కూడా ఇక్కడ పనికిరాదు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ దాటాక అవతలి రెండు వైర్ల మధ్య చేతులు పెడితే ఆర్‌సీసీబీకి ఆ సంగతే తెలియదు. ట్యూబు ఆనోడ్ (ట్యూబుకు హై వోల్టేజీ వైరు తగిలే చోటు) దగ్గరైతే 20 వేల వోల్టులు దాటుతుంది, ఆపేసిన తర్వాత కూడా నిలవ ఉంటుంది. డిశ్చార్జ్ చేయడం తెలిసిన మనిషి పక్కన లేకుండా దాని జోలికి పోవద్దు.

సిగ్నల్ విషయానికొస్తే, మామూలు ఆర్కేడ్ మానిటర్ సుమారు 15.7 కిలోహెర్ట్జ్‌లో నడుస్తుంది. కంప్యూటర్ వీజీఏ 31 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. గేమ్‌లోకి వెళ్లాక సాఫ్ట్‌వేర్ సర్దుబాటు చేస్తుంది, నిజమే. కానీ ఆన్ చేయగానే వచ్చే బూట్ స్క్రీన్ సంగతేంటి? కొన్ని ఛాసిస్‌లు (మానిటర్ బోర్డులు) చెదిరిన బొమ్మ చూపించి ఊరుకుంటాయి, కొన్నిట్లో బొమ్మను అడ్డంగా గీయించే హారిజాంటల్ ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ మీద భారం పడుతుంది. అల్టిమార్క్ వాళ్ల జే-ప్యాక్ లాంటి బోర్డు ఆ సిగ్నల్‌ను ఆపేస్తుంది, వీడియోను పెంచి కూడా ఇస్తుంది. ఆ పెంచడం కూడా కావాల్సిందే. వీజీఏ ఇచ్చేది 0.7 వోల్టులు, జామా బోర్డులకు (ఆర్కేడ్ యంత్రాల్లో వాడే ప్రామాణిక కనెక్షన్ ఉన్న గేమ్ బోర్డులకు) అలవాటుపడిన మానిటర్ అంతకు ఎన్నో రెట్లు ఆశిస్తుంది. బొమ్మ మసగ్గా ఉందని ఫ్లైబ్యాక్ (ట్యూబుకు హై వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) మీది స్క్రీన్ నాబ్ తిప్పేస్తుంటారు. అప్పుడు నలుపు కాస్తా బూడిద రంగవుతుంది, బొమ్మ మీద అడ్డంగా సన్నటి గీతలు తేలతాయి. వెంటనే ట్యూబు పోయిందని తీర్మానం! పాపం ఆ ట్యూబుకు ఏమీ కాలేదు.

ఎల్‌సీడీ పెట్టేవాళ్లు మాకీ బాధలేవీ లేవనుకుంటారు. సగం నిజం. సన్నగా ఇమడాలని టీవీ డబ్బా ఊడదీసి, పవర్ బోర్డును అలాగే చెక్క మీద స్క్రూలతో బిగించిన క్యాబినెట్లు బోలెడు ఉన్నాయి. 230 వోల్టుల లైన్‌లో ఆ బోర్డు మీది పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైనే డీసీ ఉంటుంది. అడాప్టర్ బయట ఉండే మానిటర్ తీసుకుని, డబ్బా విప్పకుండా వెసా మౌంట్‌కు (మానిటర్ వెనక నాలుగు స్క్రూలతో పట్టే బిగింపు) బిగిస్తే స్క్రీన్ దాకా వెళ్లేది తక్కువ వోల్టేజీ డీసీ మాత్రమే. ఇంకో మాట, కొనేముందు గోడ స్విచ్చి ఆపి మళ్లీ వేసి చూడండి. తనంతట తాను వెలగని మానిటర్ అయితే ప్రతిసారీ వెనక చేయి పెట్టాల్సిందే.

మెయిన్స్ లోపలికి రావడానికి ఒకటే దారి ఉండాలి. ఫ్యూజు, స్విచ్చి, మూడు పిన్నులు కలిపి వచ్చే సాకెట్లు దొరుకుతాయి, అది వెనక పలకకు బిగించండి. మానిటర్ ఫ్రేము, కాయిన్ డోరు, లోహపు కంట్రోల్ ప్యానెల్, ప్రతిదాన్నుంచీ ఆకుపచ్చ వైరు అక్కడికే రావాలి.

క్యాబినెట్ ఫోటోలు పెట్టేవాళ్లను ఒకటి అడుగుతున్నా. ముందు వైపు ఫోటోతో పాటు వెనక తలుపు తీసి లోపలి వైరింగ్ ఫోటో కూడా పెట్టండి. ఎర్త్ వైరు ఎక్కడ కలిపారో కనబడేలా.