బేస్‌కు దండం పెట్టే హెడ్‌లైట్లు

పాటలో బేస్, అంటే ఆ బరువైన దుమ్ దుమ్ శబ్దం, మోగినప్పుడల్లా నా కారు హెడ్‌లైట్లు మసకబారి తల దించుకుంటాయి. దీన్ని లోపం అనేవాళ్ళకు సంగీతం మీద గౌరవం లేదని నా నిశ్చితాభిప్రాయం. దీపాలే అంత వినయం చూపిస్తుంటే యజమానికి ఇంకేం కావాలి? పాట వినపడని ఎదుటి కారువాడికి కూడా తాళం తెలుస్తుంది.

లోకం ఊరుకోదు కాబట్టి నేనూ వైద్యం మొదలుపెట్టాను. సంప్రదాయం ప్రకారం మొదటి మందు కెపాసిటర్, అంటే కాస్త కరెంటు దాచుకుని అడిగిన వెంటనే ఇచ్చే డబ్బా. దాని కొలత ఒక ఫారడ్! పేరులోనే ఎంత బరువు! పైన నీలం అంకెలు కూడా వెలుగుతాయి. అది 14.4 వోల్టుల నుంచి 12.4కి దిగేలోగా ఇచ్చే శక్తి సుమారు 27 జౌళ్ళు. స్పీకర్లను మోగించే ఆంప్ (యాంప్లిఫయర్) వెయ్యి వాట్లు లాగితే, దానికి అది సెకనులో నలభయ్యో వంతుకు కాస్త ఎక్కువగా సరిపోతుంది. 40 హెర్ట్జ్ బేస్ ఒక్కసారి ఊగి ఆగేంత సేపు. ఆ తర్వాత కెపాసిటర్ కూడా ఆంప్‌తో పాటు ఇంజిన్‌తో తిరుగుతూ కారుకు కరెంటు పుట్టించే అదే ఆల్టర్నేటర్ ముందు చెయ్యి చాపుతుంది.

రెండో మందు, డిక్కీలో ఇంకో బ్యాటరీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వోల్టేజీ 14 దగ్గర ఉంటుంది. అది పన్నెండున్నర దరిదాపులకు పడిపోయాక గానీ బ్యాటరీగారు సాయానికి లేవరు. అంటే లైట్లు మసకబారాకే వస్తారన్నమాట.

ఆల్టర్నేటర్ సంగతి ఎవరూ అడగరు. ఆంప్ నిజంగా వెయ్యి వాట్లు బయటికి పంపాలంటే, 80 శాతం సామర్థ్యంతో లెక్కేసినా, 13.8 వోల్టుల దగ్గర 90 ఆంపియర్లు లాగాలి. చాలా చిన్న కార్లలో ఆల్టర్నేటర్ మొత్తం సత్తువే దాదాపు అంత. అందులోంచే లైట్లు, ఏసీ ఫ్యాన్, ఇంజిన్ కంప్యూటర్ బతకాలి. పాటలో బేస్ ఎడతెగకుండా మోగదు కాబట్టి ఏదో నెట్టుకొస్తున్నాం.

ఇక బ్యాటరీ నుంచి ఆంప్‌కు వెళ్ళే వైరు. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావెక్కుతుంది. అయిదు మీటర్ల 8 గేజ్ రాగి వైరులో 90 ఆంపియర్లు పారితే దాదాపు 0.9 వోల్టు దారిలోనే వేడైపోతుంది. 4 గేజ్ అయితే 0.4 లోపే. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న చవక వైరైతే నష్టం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. లావుగా కనిపిస్తుంది కాబట్టి మనసుకు మాత్రం హాయి.

తమకు అందే వోల్టేజీ తగ్గినా లోపల సర్దుకోలేని ఆంప్‌లలో 14.4 వోల్టులు 12కి పడితే పవర్ 30 శాతం పోతుంది. అంత పోయినా చెవికి తేడా 1.6 డెసిబెళ్ళే. చెవి పట్టించుకోని నష్టానికి కళ్ళు గోల చేస్తున్నాయి. అందుకే లైట్ల స్విచ్ కట్టేసి పాట వినడం శాస్త్రీయమని కొన్నాళ్ళు వాదించాను. పగలు ఎవరూ కాదనలేదు.

చివరికి వోల్టులు కొలిచే మల్టీమీటర్ తెచ్చాను. ఒక మొన బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది ఆంప్ గ్రౌండ్‌కు, అంటే కరెంటు కారు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్ళే కొసకు, పెట్టి పాట గట్టిగా పెడితే, సున్నా దగ్గర ఉండాల్సిన అంకె ఒక వోల్టు దాటింది. డిక్కీ కార్పెట్ ఎత్తి చూశాను. గ్రౌండ్ వైరు కారు బాడీకే బిగించి ఉంది, కాకపోతే పెయింట్ మీద. పెయింట్ కరెంటుకు దారివ్వదు. పెయింట్ గీకేసి, రేకు మెరిశాక మళ్ళీ బిగించాను. శాండ్‌పేపర్ ముక్క, పది నిమిషాలు. లైట్లు ఇప్పుడు బేస్‌కు కనురెప్ప మాత్రం కదుపుతున్నాయి.

కెపాసిటర్ తీసెయ్యలేదు. డిక్కీ తెరిచినప్పుడు నలుగురికీ శాండ్‌పేపర్ చూపించలేం కదా.