దవడ వాపుకు ఉప్పు కాపడం పెట్టకండి

వారం రోజుల్లో ఈ మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, విజయనగరం నుంచి మా పిన్ని పంపింది ఇంకోసారి. ఐదోది టెక్కలి దగ్గరున్న మా అక్కకు ఎవరో పంపితే, అక్క నాకు పంపింది. ఇక ఊరుకోలేక రాస్తున్నాను. ‘పిల్లల పంటి బాధకు డాక్టర్ అక్కర్లేదు, పెద్దల చిట్కాలు చాలు’ అన్నది దాని సారం.

పిప్పి పంటిలో పురుగు ఉంటుందట, వాకుడు గింజల పొగ పడితే రాలిపోతుందట. పంటిలో ఏ పురుగూ ఉండదు. ఊడిన పాలపన్ను పేడలో పెట్టి ఇంటిమీదికి విసరమన్నారు. విసరండి, నష్టం లేదు.

పంటి నొప్పికి లవంగ నూనె వేయమన్నారు. లవంగం సంగతి వేరు. అది తప్పని నేను అనను. లవంగ నూనెలో ఉండే యూజినాల్ నొప్పిని నిజంగానే తగ్గిస్తుంది. పంటి డాక్టర్లు కూడా తాత్కాలికంగా పన్ను పూడ్చే మందులో దాన్ని వాడతారు. కానీ చిన్నపిల్లల నోట్లో నూనె పోయడం వేరు. ఒకటి రెండు చెంచాలు మింగి కాలేయం దెబ్బతిన్న పసివాళ్లు ఉన్నారు. ఇక పిప్పిలో ఆస్పిరిన్ బిళ్ల కుక్కమనడం దారుణం. చిగురు కాలిపోతుంది, పైగా ఆస్పిరిన్ డాక్టరు చెప్పకుండా పిల్లలకు ఇవ్వకూడని మందు. నొప్పికి పారాసెటమాల్ చాలు, అదీ బరువును బట్టి. మెడికల్ షాపులో నిమెసులైడ్ ఇస్తే తీసుకోకండి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు దాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు.

అసలు విషయానికి వస్తాను. మెసేజ్‌లో ఒక చిట్కా ఇది: ‘బుగ్గ వాస్తే వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టండి, చీము బయటికి వచ్చేస్తుంది. ఇంట్లో మిగిలిన యాంటీబయోటిక్ రెండు రోజులు వేయండి. నొప్పి తగ్గితే నయమైనట్టే.’

మా అక్క సరిగ్గా ఇదే చేసింది. మేనల్లుడికి అప్పుడు ఆరేళ్లు. కింది దవడలో ఒక పాలపన్ను పిప్పి. ఏడుస్తున్నవాడు ఒకరోజు ఏడుపు మానేశాడు. తగ్గిందనుకున్నారు. పంటి లోపలి నరం చచ్చిపోతే నొప్పి ఆగిపోతుంది, చీము మాత్రం వేరు దగ్గర చేరుతూనే ఉంటుంది. తర్వాత బుగ్గ వాచింది. మూడు రోజులు ఉప్పు కాపడం. నాలుగో రోజు పొద్దున వాపు దవడ కిందికి దిగింది, నోరు తెరుచుకోలేదు, ఉమ్మి మింగలేక చొంగ కారుస్తూ కూర్చున్నాడు. 108లో శ్రీకాకుళం, అక్కడి నుంచి విశాఖ. దవడ కింద కోసి చీము తీశారు, పన్ను పీకారు. ఆ గాటు ఇప్పటికీ ఉంది.

చీము బయటికి వచ్చేస్తుందా? ఎటు బయటికి? బయట నుంచి వేడి పెడితే అది చెంప చర్మం వైపు పాకొచ్చు. పైపెచ్చు కాపడం పేరుతో మూడు రోజులు పోతాయి. నాలుక కింద వాపు పెరిగితే గాలి ఆడే దారే మూసుకుపోతుంది. పై పళ్ల నుంచి వాపు కంటివైపు పాకినా అంతే ప్రమాదం. జ్వరం, మింగలేకపోవడం, నోరు తెరవలేకపోవడం, చొంగ, కన్ను మూసుకుపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా ఆసుపత్రికే. ఇవేవీ లేని వాపయినా ఆ రోజే చూపించాలి. మిగిలిన మాత్రలు వేస్తే వాపు కాస్త అణిగినట్టు కనిపిస్తుంది, కానీ చీముకు మూలమైన పన్ను అలాగే ఉంటుంది. ఇంత చిన్న విషయం తెలియనివాళ్లు ఎవరి పిల్లలకు వైద్యం చెబుతున్నారు?

ఇంకో చిట్కా: ఆటలో పన్ను ఊడిపోతే పసుపు నీళ్లతో రుద్ది కడిగి, పొడి గుడ్డలో చుట్టి మర్నాడు డాక్టరుకు చూపించాలట. మర్నాటికి ఆ పన్ను ఎందుకు? వేరుకు అంటుకున్న సన్నని పొర బతికుంటేనే పన్ను మళ్లీ బాగా అతుక్కుంటుంది. పొడిగా గంటసేపు ఉంటే ఆ పొర చచ్చిపోతుంది. రుద్దితే అప్పుడే పోతుంది. వేరు ముట్టుకోకుండా తెల్లటి భాగం పట్టుకోండి. మట్టి ఉంటే పాలతో ఒక్కసారి కడిగి, వెంటనే అదే గుంటలో పెట్టి, రుమాలు కొరికి పట్టుకోమనండి. భయమేస్తే పచ్చి పాలలో వేయండి. ఎలాగైనా వెంటనే పంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. పాల ప్యాకెట్ మన జిల్లాలో దొరకని ఊరు లేదు.

ఇదంతా పర్మనెంట్ పన్నుకే. పాలపన్ను ఊడితే తిరిగి పెట్టకూడదు, కింద ఎదుగుతున్న పన్ను దెబ్బతింటుంది. ఏడెనిమిదేళ్ల పిల్లల్లో వెడల్పుగా, అంచు రంపంలా ఉండే ముందు పళ్లు పర్మనెంట్‌వే. దెబ్బకు స్పృహ తప్పినా, వాంతులైనా పన్ను సంగతి తర్వాత, ముందు తల చూపించాలి.

‘డాక్టరుకు చూపిస్తే వేలు ఖర్చు, రాత్రి ఎవరుంటారు’ అని చివర్లో ఉంది. ఆ మాట ఒప్పుకుంటాను. చీకటి పడ్డాక మండలాల్లో పంటి డాక్టరు దొరకరు. అక్కకూ దొరకలేదు. కానీ ఆ వాపుకు అప్పుడు పంటి డాక్టరే ఉండాలని లేదు, ఏ ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లినా చాలు.

ఈ రాత్రి ఒక పని చేయండి. ఫోన్ టార్చ్ వేసి పిల్లల నోరు చూడండి. పిప్పి పన్ను పక్కన చిగురు మీద చిన్న చీము పొక్కు కనిపిస్తే, నొప్పి లేదన్నా సరే, రేపే చూపించండి.