ఇసుక దారికి అడ్డు కట్టొద్దు

అమెరికా తూర్పు తీరంలో అసాటీగ్ అనే ఇసుక దీవి ఉంది. అక్కడ సముద్రం వైపు ఒడ్డున ఇసుక కొట్టుకుపోయిన చోట్ల నల్లటి బురద మట్టి బయటపడుతుంది. అందులో ఉప్పు గడ్డి వేళ్లు ఇంకా పెనవేసుకునే ఉంటాయి. ఆ గడ్డి అలల దెబ్బ తగిలే చోట మొలిచేది కాదు, దీవి వెనకాల నెమ్మదైన నీళ్లలో పెరిగేది. అంటే ఒకప్పుడు దీవికి వీపుగా ఉన్న చోటే ఇవాళ సముద్రానికి ఎదురు నిలిచింది. దీవి దొర్లుకుంటూ నేల వైపు జరిగిందన్నమాట.

తీరానికి అడ్డుగోడలా నిలిచే ఇలాంటి అవరోధ దీవులు బతికేదే అలా. తుపాను కెరటాలు ఇసుకను దిబ్బల మీదుగా మోసుకెళ్లి వెనక పరుస్తాయి. అక్కడ గడ్డి పట్టుకుంటుంది, పీతలూ చేప పిల్లలూ చేరతాయి. మనం నష్టం అనుకునేది దీవికి కొత్త నేల. మంచినీళ్లూ ఇసుక పుణ్యమే. ఇంకిన వాన నీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని మీద తేలుతూ నిలుస్తుంది. సముద్ర మట్టానికి పైన 1 అడుగు మంచినీరుంటే కింద సుమారు 40 అడుగులుంటుందని లెక్క. బోర్లు వేసి ఆ పై అడుగు తోడేస్తే కింది 40 అడుగులూ కాలక్రమంలో ఉప్పుపాలే.

1933 ఆగస్టు తుపాను ఓషన్ సిటీ అనే ఊరి దగ్గర దీవిని తెంపి, సముద్రపు నీళ్లు వచ్చిపోయే కొత్త మొగ తెరిచింది. పడవలకు బాగుందని, అది పూడకుండా రాతి గట్లు కట్టారు. ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచే ఇసుక అక్కడే ఆగింది. ఊరి బీచ్ వెడల్పయింది, అసాటీగ్ ఉత్తర కొస మాత్రం ఇసుక అందక వందల మీటర్లు వెనక్కి పోయింది. ఆగిన ఇసుకను 2004 నుంచి ఏటా రెండుసార్లు డ్రెడ్జర్లతో తోడి అసాటీగ్ ముందు పోస్తున్నారు. అల తనంతట తాను చేసిపెట్టే పని అది!

అదే దీవిలో వేల ప్లాట్లు అమ్మి, రోడ్డూ వేశారు. 1962 మార్చి తుపాను ఆ రోడ్డును ముక్కలు చేసింది. మళ్లీ కట్టే పంతానికి పోకుండా 1965లో దీవిని జాతీయ సముద్రతీరంగా, అంటే ప్రభుత్వం కాపాడే తీరంగా ప్రకటించారు. అది సరైన నిర్ణయమని మేం గట్టిగా నమ్ముతున్నాం. ఇలాంటి దీవులు ఏ దేశంలో ఉన్నా కొత్త గోడలకూ, దిబ్బల మీద ప్లాట్లకూ అనుమతి ఇవ్వకూడదు. ఇప్పటికే గట్లు కట్టిన చోట ఆగిన ఇసుకను అవతలికి చేర్చే ఖర్చు ఆ మొగను వాడుకునేవాళ్లే భరించాలి. దిబ్బల మీదికి బండ్లను రానివ్వకూడదు. మీద ఇసుక పడేకొద్దీ పైకి ఎదిగే గడ్డి కూడా టైరు కింద నలిగితే చచ్చిపోతుంది.